మా ఆయన తినరు

మంగళవారం మధ్యాహ్నం ఆమె హోమ్‌కి వచ్చి, గుమ్మం దగ్గరున్న పుస్తకంలో వచ్చిన టైము రాసి, తడిసిన గొడుగు మూలకి చేరేసేసరికి వంటావిడ ఎదురుగా నిలబడి ఉంది. ఆ మనిషి వంటగది దాటి ఇవతలికి రావడం ఎప్పుడో గానీ జరగదు. చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంటూ, "అమ్మా, మీతో ఒక మాట చెప్పాలి. ఇలా రండి," అని, ఉతికిన దుప్పట్లు పేర్చిపెట్టే చిన్న గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

ఆమె కంగారుపడలేదు. ఏడాదిన్నర కిందట, మతి తప్పిన మొగుణ్ణి ఇక్కడ చేర్పించిన కొత్తలో అయితే ఎవరు పిలిచినా పరుగున వెళ్ళేది. పడిపోయాడని ఒకసారి, చొక్కా విప్పేసి వరండాలో తిరుగుతున్నాడని ఒకసారి, గోడకున్న స్విచ్చుల బోర్డు ఊడదీశాడని ఒకసారి కబుర్లు వస్తూనే ఉన్నాయి. వినగా వినగా చెవులు కాయలు కాచాయి. ఇప్పుడు ఎవరేం చెప్పినా బస్సు ఆలస్యమని చెప్పినట్టే వింటుంది.

వంటావిడ కాసేపు నీళ్ళు నమిలి, చివరికి చెప్పేసింది. ఆయన మాంసం తింటున్నాడు.

పోయిన గురువారం మొదలైందట. భోజనాల దగ్గర ఆయన పక్క కుర్చీ ఒక రిటైరైన రైల్వే గార్డుది. ఆ గార్డు ప్లేట్లోంచి ఆయన ముక్క లాక్కుని నోట్లో వేసుకున్నాడు. శుక్రవారం ఎవరో చెయ్యి పట్టుకుని ఆపితే పసిపిల్లాడిలా ఏడ్చాడు. శనివారం గార్డే జాలిపడి తన ప్లేట్లోంచి రెండు ముక్కలు వేశాడు. ఆదివారం నుంచి ఇద్దరికీ అది అలవాటయింది. ఆయన కార్డు మీద ఎర్ర సిరాతో 'మాంసం పెట్టరాదు, మతనియమం' అని రాసి ఉన్న సంగతి తనకి తెలుసనీ, తన చేత్తో తాను ఒక్క ముక్క కూడా వడ్డించలేదనీ వంటావిడ ఒట్టేసి చెప్పింది. తమ ఇంట్లో కూడా అలాంటి పట్టింపులున్న ముసలమ్మ ఒకావిడ ఉండేదనీ, అందుకే నాలుగు రోజులుగా తనకి నిద్ర పట్టడం లేదనీ అంది.

"ఎలా తిన్నారు?" అని ఆమె అడిగింది.

వంటావిడకి అర్థం కాలేదు.

"ఇష్టంగా తిన్నారా?"

"వేళ్ళు నాక్కున్నారమ్మా," అంది వంటావిడ తల దించుకుని.

ఆమె సరేనని తలూపి, దుప్పట్ల దొంతరలో ఒకటి పక్కకి జారుతుంటే సర్ది బయటికి వచ్చింది.

ఇందులో విడ్డూరమేమిటో తెలియాలంటే వాళ్ళ పెళ్ళి సంగతి చెప్పాలి. ఆమె ముక్క లేనిదే ముద్ద దిగని ఇంట్లో పుట్టింది. తండ్రిది మార్కెట్ బిల్డింగులో మూడో అంతస్తులో మాంసం కొట్టు. పదేళ్ళ వయసుకే ఆమెకి ఏ ఎముక ఎక్కడ విరుస్తారో, ఏ ముక్క ఎంతసేపట్లో ఉడుకుతుందో చూపుతోనే తెలిసేది. కింద నుంచి మాంసం పైకి తెచ్చే సరుకుల లిఫ్టు ఒకరోజు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయింది. బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్కు సన్నగా, పొడుగ్గా, ముక్కుకి జేబురుమాలు కట్టుకుని ఉన్నాడు. రెండు గంటలసేపు ఆ రుమాలు తియ్యలేదు. ఆమె పకపకా నవ్వింది. రుమాలు తీస్తే ఎలా ఉంటాడో చూడాలని మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చింది. చూసింది. అంతే, మిగతా కథ అన్ని ఇళ్ళలో జరిగేదే.

ఆ మెకానిక్కు వాళ్ళది నియమం ఇల్లు. ప్రాణం తీసి ప్రాణం నిలుపుకోకూడదని ఆ ఇంటివాళ్ళు వెళ్ళే ప్రార్థన మందిరం మాట. తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో మాంసం గిన్నె పొయ్యి ఎక్కలేదు. మాంసం కొట్టు వాళ్ళ పిల్ల కోడలుగా వస్తుందంటే అత్తగారు రెండు నెలలు మంచం దిగలేదు. చివరికి ఒక షరతు పెట్టింది. పిల్ల మందిరంలో నిలబడి, మాంసం ముట్టనని నలుగురి ముందూ మాటివ్వాలి. ఇచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్లకి ఏ మాటైనా తేలికే. ఆ రోజు ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. బయటికి వచ్చాక మెల్లిగా, "కష్టమైతే చెప్పు," అన్నాడు. ఆమె నలభై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

ఒక్కసారి మాత్రం చెప్పకుండానే తెలిసిపోయింది. అప్పుడామెకి ఏడో నెల. ఏం తిన్నా వాంతి. మనసంతా పుట్టింటి పొయ్యి మీదే ఉండేది. ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం అన్నయ్య ఇంటికి వెళ్ళి, వదిన పెట్టిన పళ్ళెం ముందు కూర్చుంది. వాసన చూసింది. చెయ్యి పెట్టలేదు. పళ్ళెం వెనక్కి జరిపి లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి ఆయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తినలేదు కదా, మెచ్చుకుంటాడనుకుంది. ఆయన నాలుగు రోజులు మాట్లాడలేదు. తిట్టలేదు, కొట్టలేదు, అన్నం మానలేదు. ఊరికే మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున టీ కప్పు చేతికిచ్చి, ఉప్పు అయిపోయింది తేవాలని అన్నాడు. దాంతో అది ముగిసింది. ఆ తర్వాత ఆ సంగతి వాళ్ళ మధ్య మళ్ళీ రాలేదు.

చెడ్డ మనిషి కాడు. ఎవరూ అలా అనరు. వీధిలో అందరికీ ఆయన 'లిఫ్టాయన'. ఎవరింట్లో ఏ మోటారు ఆగినా వెళ్ళేవాడు. ఆమె పాత బట్టలు సరిచేసే కొట్టు పెట్టుకుంటానంటే కుట్టుమిషన్ల బల్లలు తన చేతులతో తయారుచేశాడు. ముప్పై నాలుగేళ్ళు లిఫ్టుల్లో తలకిందులుగా వేలాడి పనిచేసిన మనిషి, ఒకరోజు సొంత ఇంటి తలుపు ముందు నిలబడి మీట కోసం గోడంతా తడిమాడు. లిఫ్టు రావడం లేదన్నాడు. అలా మొదలైంది.

దుప్పట్ల గదిలోంచి ఆమె నేరుగా భోజనాల హాల్లోకి వెళ్ళింది. తెల్లటి ప్లాస్టిక్ బల్లలు, గోడవారన చక్రాల కుర్చీలు, కిటికీ అద్దం మీద వాన చారలు. ఆయన గార్డు పక్కన కూర్చుని తింటున్నాడు. గడ్డం మీద జిడ్డు మెరుస్తోంది. ఎముక పట్టుకున్న తీరు చూసి ఆమె ఆగిపోయింది. చిటికెన వేలు ఎత్తి, రెండు వేళ్ళతో తిప్పుతూ, సందుల్లో ఉన్నది పళ్ళతో తీస్తున్నాడు. ఎవరూ నేర్పకుండా ఎలా వచ్చింది? ఆమె తండ్రి అచ్చం అలాగే తినేవాడు.

"కూర్చోండి," అన్నాడు ఆయన ఆమెని చూసి. నలభై ఏళ్ళు 'నువ్వు' అన్న మనిషి. వేసవి నుంచి 'మీరు' అంటున్నాడు.

ఆమె కూర్చుంది. కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది. అదీ రాలేదు. చొక్కా చేతి అంచు కుట్టు ఊడి దారం వేలాడుతుంటే, సంచీలోంచి కత్తెర తీసి కత్తిరించింది. ఆయన చెయ్యి ఇచ్చి కుదురుగా కూర్చున్నాడు.

వెళ్ళేటప్పుడు పెద్ద నర్సు పిలిచి కాగితం ఒకటి చేతికిచ్చింది. మూడు నెలల్లో ఆయన ఏడు కిలోలు తగ్గాడట. బీన్స్ పెడితే ఉమ్మేస్తున్నాడు, నియమం అడ్డు రాని గుడ్డు పెడితే నేలకేసి కొడుతున్నాడు. ఇష్టపడి మింగుతున్నది ఇదొక్కటే. కార్డు మీద ఎర్ర సిరా తీసెయ్యాలంటే ఇంటివాళ్ళ సంతకం కావాలి. తొందరేం లేదు, ఆలోచించుకోమంది. ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి, సంచీలో సూదుల డబ్బా కింద పెట్టుకుంది.

ఆ సాయంత్రం కూతురికి చెప్పింది. కూతురు పళ్ళసెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళు, తండ్రి ముక్కు, తండ్రి పట్టుదల. పంతొమ్మిదో ఏట మందిరానికి వెళ్ళడం మానేసింది. దేవుడు లేడని తండ్రితో ఏళ్ళ తరబడి వాదించింది. కానీ మాంసం మాత్రం ముట్టదు. లారీల్లో తలలు బయటికి పెట్టి వెళ్ళే జంతువుల కళ్ళు చూశాక తినడమెలాగంటుంది. ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్ళకి దేవుడి దగ్గర పొత్తు కుదరలేదు గానీ కంచం దగ్గర కుదిరింది. ఎంత పోట్లాడుకున్నా ఒకే గిన్నెలోది వడ్డించుకునేవాళ్ళు.

కూతురు వింటూ వింటూ చేతిలో గరిటె పక్కన పెట్టేసింది. సంతకం పెట్టడానికి వీల్లేదంది. బుర్ర పోయినంత మాత్రాన ఆయన మాట కూడా పోతుందా అంది. ఆయన బాగున్న రోజుల్లో అడిగితే ఏం చెప్పేవాడో అదే ఇప్పుడూ చెల్లాలంది. తల్లి నెమ్మదిగా, ఆయనకి ఆకలేస్తోందని చెప్పింది. ఆకలేస్తే ఇంకేదైనా పెట్టమంది కూతురు. ఉమ్మేస్తున్నారని తల్లి చెప్పింది.

"అమ్మా, నాన్న జీవితమంతా కాపాడుకున్నది అదొక్కటే. నువ్వు అదీ తీసేస్తావా?" అంది కూతురు.

తల్లి బల్ల మీద పడ్డ మెతుకు ఒకటి తీసి పక్కన పెట్టింది. కూతురికి ఒళ్ళు మండింది. కాస్త కూడా బాధ లేదా నీకు, బండరాయిలా కూర్చున్నావంది. ఆ మాట నిజమేనేమోనని ఆమె ఆలోచించింది. బండరాయికి కనీసం ఎండకి వేడెక్కడమైనా ఉంటుంది.

మర్నాడు కొట్టు మూసి మందిరానికి వెళ్ళింది. మందిరం పెద్దాయన పూర్వం బళ్ళో లెక్కల మాస్టారు. ఆ సమయానికి నేల మీద కూర్చుని, కాలు ఊగుతున్న బల్లకి జిగురు రాస్తున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. తెలియని నోటికి నియమం లేదన్నాడు. పసిపిల్లలకీ, జబ్బుపడినవాళ్ళకీ, దారి తప్పి ఆకలితో ఉన్నవాళ్ళకీ పెద్దలు ఎప్పుడూ మినహాయింపు ఇచ్చారన్నాడు. అసలు ఈ నియమం ఎలా పుట్టిందో తెలుసా అని అడిగి తనే చెప్పాడు. ఎప్పుడో ఒక పెద్ద కరువులో, మందలో మిగిలిన నాలుగు జీవాల్నీ చంపుకుని తినేస్తే మరుసటి ఏడు దున్నడానికీ పాలకీ ఏమీ ఉండదని ఊరంతా ఒట్టు పెట్టుకున్నారట. కరువు పోయింది, ఒట్టు ఉండిపోయింది. దేవుడు తర్వాత వచ్చి చేరాడని కొందరంటారు, దేవుడే ముందని కొందరంటారు. తనకి మటుకు ఎవరు ముందైనా ఒకటేనన్నాడు.

"ఆయన సంగతి సరే, నా సంగతి?" అంది ఆమె.

"మీకేం? మీరు ఇక్కడే నిలబడి దేవుడికి మాటిచ్చారు కదా."

"నేను దేవుడికివ్వలేదండీ. ఆయనకిచ్చాను."

పెద్దాయన చేతిలో బ్రష్షు ఆగిపోయింది. డబ్బాలో జిగురు మీద పొర కట్టడం మొదలైంది. చివరికి, ఆ బల్ల అటు చివర కాస్త నొక్కి పట్టుకోమని అడిగాడు. ఆమె పట్టుకుంది. జిగురు ఆరేదాకా ఇద్దరూ అలా కూర్చున్నారు.

ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్ళింది. వెళ్ళాలని అనుకోలేదు. హోమ్‌కి వెళ్ళే బస్సు బదులు అటు వెళ్ళేది ముందొస్తే ఎక్కేసింది. అన్నయ్యకి డెబ్బై నిండాయి, కొట్టు ఎవరికో ఇచ్చేశాడు గానీ కత్తులు మాత్రం ఇంట్లోనే పెట్టుకున్నాడు. సంగతి వినగానే నవ్వడం మొదలుపెట్టాడు. బావ చివరికి మనవాడయ్యాడు, మన నాన్న బతికుంటే తొడ ముక్క కోసి కానుకగా పంపేవాడన్నాడు. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్నవి నవ్వు నీళ్ళు కావని కాసేపటికి అందరికీ తెలిసింది. బావా బావమరుదులు ముప్పై ఏళ్ళు ఒకే బల్ల మీద చదరంగం ఆడారు.

వదిన వంటింట్లోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు పళ్ళెం తెచ్చింది. "నీకింక అడ్డం ఎవరు?" అంది పళ్ళెం ముందు పెడుతూ. ఎత్తిపొడుపు కాదు. నలభై ఏళ్ళ కిందట ఆమె పళ్ళెం వెనక్కి జరిపిన రోజు నుంచీ వదిన మనసులో ఉండిపోయిన మాట.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చింది. ముక్క తుంచింది. మెత్తగా ఉడికింది, ఎముక నుంచి దానంతటదే ఊడివచ్చింది. పెళ్ళయిన కొత్తలో కలలో తిని, తిన్నానేమోనని భయపడి లేచిన రాత్రులు ఉన్నాయి. నోట్లో పెట్టుకుంది. అన్నయ్యా వదినా చూస్తున్నారు. నమిలింది. ఉప్పు తెలిసింది, వేడి తెలిసింది. అంతకు మించి ఏమీ లేదు. తడిగుడ్డ నమిలినట్టుంది. మింగింది.

పిడుగు పడలేదు. ప్రాణం లేచిరాలేదు. పాత స్నేహితురాల్ని వీధిలో చూసి, ముఖం గుర్తొచ్చి, పేరు గుర్తురానట్టు అయింది. ఎలా ఉందని వదిన అడిగితే బాగుందని చెప్పింది. రెండో ముక్క తీసుకోలేదు. వదిన బలవంతపెట్టలేదు.

మళ్ళీ మంగళవారం హోమ్‌కి వెళ్ళింది. ఆ రోజు గార్డు జ్వరంతో మంచం మీదే ఉన్నాడు. ఆయన ఖాళీ కుర్చీకేసి చూస్తూ, చెంచాతో బల్ల మీద కొడుతున్నాడు. ముందున్న బీన్స్ అలాగే ఉన్నాయి. వంటావిడ దూరం నుంచి ఆమె వైపు చూసింది. ఆమె తలూపింది. వంటావిడ లోపలికి వెళ్ళి ఒక చిన్న ప్లేటు తెచ్చి, తనకేం పట్టనట్టు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

ఆయన తినడం మొదలుపెట్టాడు. మూడు నాలుగు ముద్దలయ్యాక తలెత్తి చూశాడు.

"మీరు తినరా?"

"నేను తిననండీ."

"ఏం, పన్ను నొప్పా?"

"కాదు. మా ఆయన తినరు. అందుకని నేనూ మానేశాను."

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి తెలియదు. రెండు రోజుల కిందటేగా అన్నయ్య ఇంట్లో తిన్నది. ఆయన నమలడం ఆపాడు. లిఫ్టు మోటారు శబ్దం విని తేడా ఎక్కడుందో పట్టుకునేటప్పుడు తల పక్కకి వాల్చేవాడు. ఇప్పుడలాగే వాల్చాడు.

"ఎన్నాళ్ళయింది?"

"నలభై ఒక్క ఏళ్ళు."

"అబ్బో. ఆయన మానెయ్యమన్నాడా?"

ఆమె ఆలోచించింది. "వాళ్ళమ్మ అంది. ఆయన పక్కన నిలబడ్డారు."

"ఊరికే నిలబడ్డాడా?"

"ఊఁ."

ఆయన ఒక ముక్క తీసుకుని మళ్ళీ ప్లేట్లో పెట్టేశాడు. "తర్వాతెప్పుడూ తినాలనిపించలేదా మీకు?"

అప్పుడు ఆమె చెప్పింది. ఏడో నెలా, అన్నయ్య ఇల్లూ, వెనక్కి జరిపిన పళ్ళెం, నాలుగు రోజుల మౌనం. ఎవరికీ చెప్పని సంగతి. కూతురికి కూడా తెలియదు. తెలియనివాళ్ళకి దారి చెప్పినంత నిదానంగా, తడబడకుండా చెప్పింది.

"కడుపుతో ఉన్న మనిషితోనా?" అన్నాడాయన. "తినకుండా లేచొచ్చినా?"

"తినకుండా లేచొచ్చినా."

"మొండిఘటంలా ఉన్నాడే."

"మంచివారే," అంది ఆమె. "లిఫ్టుల పని. రోజూ పొద్దున్నే లేచి నాకు టీ పెట్టి ఇచ్చి వెళ్ళేవారు."

"టీ పెడితే సరిపోయిందా?" అన్నాడాయన.

పక్క బల్ల దగ్గర ఎవరో గ్లాసు కింద పడేస్తే ఆయా తుడవడానికి వచ్చింది. ఆయా తుడిచి వెళ్ళేదాకా ఆయన ఆగాడు. తర్వాత ముందుకి వంగి, గొంతు తగ్గించాడు.

"ఆయన ఇక్కడ లేడుగా. ఒక్క ముక్క తినండి. నేను చెప్పను."

మంచి ముక్కే ఏరాడు. ఎముక లేనిది. రెండు వేళ్ళతో పట్టుకుని ఆమె నోటి దాకా తెచ్చాడు. ఆ వేళ్ళ మీద ముప్పై నాలుగేళ్ళ గ్రీజు పోయి చర్మం మెత్తబడింది. గోళ్ళు ఎవరో శుభ్రంగా కత్తిరించారు. జిడ్డు ఆయన మణికట్టు మీదుగా కారుతోంది. ఆమె జేబురుమాలు తీసి ఆ జిడ్డు తుడిచింది.

"వద్దండీ," అంది.

"మీ ఇష్టం," అని ఆయన ఆ ముక్క తనే తిన్నాడు. మళ్ళీ అడగలేదు.

ప్లేటు ఖాళీ అయ్యాక ఆమె పెద్ద నర్సు గదికి వెళ్ళి, సూదుల డబ్బా కింది కాగితం తీసి, మడతలు విప్పి సంతకం పెట్టింది. నర్సు పాత కార్డు చింపి కొత్తది రాసింది.

కూతురు మూడు వారాలు తల్లితో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒక శనివారం తనే డబ్బాలో చిక్కుడుగింజలు మెత్తగా ఉడికించి, నాన్న తింటాడేమో చూస్తానని హోమ్‌కి తీసుకెళ్ళింది. ఆయన రెండు చెంచాలు మింగి మూడోది ఉమ్మేశాడు. వంటావిడ ప్లేటు తేగానే దానికేసి చెయ్యి చాచాడు. కూతురు కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంది. కానీ లేచి వెళ్ళలేదు. ఆ తర్వాత ప్రతి శనివారం ఆ రెండు చెంచాల కోసం డబ్బా పట్టుకుని వెళ్ళేది.

ఆయన ఇంకో ఎనిమిది నెలలు బతికాడు. నాలుగు కిలోలు పెరిగాడు కూడా. చలి రోజుల్లో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, రెండు రోజులు మగతలో ఉండి, ఒక ఉదయం పదింటికి పోయాడు. ఆమె అప్పుడు కొట్లో ఎవరిదో కోటుకి జిప్పు మారుస్తోంది. ఫోను వచ్చాక ఆ జిప్పు చివరిదాకా కుట్టి, దారం ముడి వేసి, తాళం వేసి బయల్దేరింది. సగంలో ఎందుకు లేచిరాలేదని తర్వాత వదిన అడిగింది. ఆ కోటు ఆ సాయంత్రానికి కావాలన్నారని చెప్పింది.

మందిరంలో ప్రతి ఏడూ ఒకరోజు, చివరిదాకా నియమం నిలుపుకుని పోయినవాళ్ళ పేర్లు పైకి చదువుతారు. ఆ ముందు రోజు పెద్దాయన కొట్టుకి వచ్చాడు. ఆయన పేరు చదవమంటారా అని అడిగాడు. తన వరకు అభ్యంతరం లేదనీ, ఆమె నోటితో వినాలని వచ్చాననీ అన్నాడు. ఆమె చదవమంది. పెద్దాయన సంతోషించి, ఆమె కూడా నలభై ఏళ్ళ పైబడి నిలుపుకుంది కాబట్టి, బతికున్నవాళ్ళ జాబితాలో ఆమె పేరూ రాస్తానన్నాడు.

"నేను ఒక ముక్క తిన్నానండీ," అంది ఆమె, గుడ్డ మీద సుద్దతో గీత గీస్తూ. "పోయినేడు. మా అన్నయ్య ఇంట్లో."

పెద్దాయన కుర్చీలో సర్దుకున్నాడు. "బాధపడ్డారా?"

"లేదు. సంతోషమూ లేదు."

ఆ ముక్క తిన్న రోజు నుంచి మళ్ళీ కొత్తగా లెక్క మొదలుపెట్టుకోవచ్చు, అలా చేసినవాళ్ళున్నారన్నాడు. ఆమె లెక్కేం వద్దులెండి అంది. మరి ఇప్పుడు తింటున్నారా అని అడిగాడు. తినడం లేదంది. ఎందుకని అడగబోయి, మాస్టారు గనక, జవాబు రాని ప్రశ్న అని తెలిసి ఊరుకున్నాడు.

పేర్లు చదివే రోజు కూతురు కూడా వచ్చింది. ఇరవై ఏళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే. తండ్రి పేరు వచ్చినప్పుడు తల్లి ముఖంలోకి చూసింది. తల్లి ముందు వరుసలోని బల్ల కాలి మీద జిగురు మరక చూస్తోంది.

బయటికి వచ్చాక ఎక్కడైనా తిందామంది కూతురు. బస్టాండు పక్కనున్న చిన్న క్యాంటీనులో కూర్చున్నారు. కూతురు కౌంటరు దగ్గరికి వెళ్ళి, సూప్‌లో ఏం వేశారో, ఏం ఉడికించిన నీళ్ళతో చేశారో నాలుగు ప్రశ్నలు వేసి, ఇద్దరికీ మాంసం లేనివి చెప్పి వచ్చింది. పక్క బల్ల మీద ఎవరో మాంసం తింటున్నారు. వాసన ఇటే వస్తోంది.

"నీకెప్పుడూ తినాలనిపించదా?" అని ఆమె అడిగింది. ఇన్నేళ్ళలో కూతుర్ని ఈ మాట అడగలేదు.

"అనిపిస్తుంది," అంది కూతురు. "ఇలా వాసన వచ్చినప్పుడల్లా."

"మరి?"

"మరేం లేదు. తినను."

ఆమె ఆ జవాబు గురించి ఆలోచిస్తుండగానే సూప్ వచ్చింది. రొట్టె కాస్త గట్టిగా ఉంది. తుంచి ముంచుకుని తినాల్సి వచ్చింది. సగం తిన్నాక కూతురు తన రొట్టె కూడా ఆమె వైపు జరిపింది. వద్దనలేదు. అదీ తుంచి ముంచుకుంది. నిన్నటి నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.